కూలి ఇచ్చే చేయి, బాప్తిస్మమిచ్చే చేయి



మొన్న పాస్టర్ల నెల కూడికలో ఒక యువ సేవకుడు నన్ను అడిగాడు: "అన్నా, విదేశీ సంఘాలు పంపిన డబ్బుతో బస్తీలో జనానికి పని పెట్టి కూలి ఇస్తున్నప్పుడు, అక్కడ వాక్యం చెప్పొచ్చా? బాప్తిస్మం అడిగితే ఇవ్వొచ్చా?" అంతమందిలో నన్నే అడగడానికి కారణముంది. హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖపట్నంలో పది వారాలపాటు నేను ఆ పని మీదే ఉన్నాను. మస్టరు రాయించడం, పని చూడడం, కూలి పంచడం. టీ చల్లారే లోపు చెప్పగలిగినంత చెప్పాను. అది సగం కూడా కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది. ఆదివారం. గంటకు 170 కిలోమీటర్లకు పైబడిన గాలి. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్లకు అడ్డంగా వేల చెట్లు. పచ్చగా ఉండే కొండలు కొద్ది రోజుల్లో కాలిపోయినట్టు గోధుమరంగుకు తిరిగాయి. పెద్ద రోడ్లను ప్రభుత్వం తొందరగానే బాగు చేయించింది. పొరుగు పట్టణాల నుండి కూడా పారిశుద్ధ్య సిబ్బందిని తెప్పించారు. కానీ కొండవాలు మీద, సముద్రపు ఒడ్డున ఉన్న బస్తీల్లో సందులు ఎంత ఇరుకో తెలిసినవాళ్ళకు తెలుసు. అక్కడికి లారీ పోదు, జేసీబీ పోదు. మనిషి, పార, తట్ట, అంతే. విరిగిన రేకులు, కొమ్మలు, కొండ మీద నుండి కొట్టుకొచ్చిన మట్టి, ఇవన్నీ మురుగు కాలువల్లో నిండిపోయి ఇళ్ళలోకి నీళ్ళు తన్నుకొస్తున్నాయి. అదే బస్తీల్లో పడవలు, వలలు పోయిన మత్స్యకారులూ, రోజు పని దొరకని కూలీలూ ఖాళీగా కూర్చొని ఉన్నారు.

ఒక ప్రక్క చేయవలసిన పని, మరొక ప్రక్క పని లేని చేతులు. ఈ రెంటినీ కలపడానికి విదేశీ సహాయ సంస్థలు వాడే పద్ధతికి "పనికి నగదు" అని పేరు. మన పెద్దవాళ్ళకు కరువు పని, పనికి ఆహారం తెలుసు. ఇది దాని చెల్లెలు; బియ్యానికి బదులు డబ్బు. డబ్బే ఎందుకంటే, సరుకు తెచ్చి పంచాలంటే లారీలు, గోదాములు, టోకెన్లు, తొక్కిసలాట. డబ్బయితే ఆ సాయంత్రమే ఆ సందు చివరి కిరాణా కొట్టుకు వెళ్తుంది. ఆ కొట్టువాడు కూడా తుపానులో నష్టపోయినవాడే కదా! ఒక ఇంటికి బియ్యం కావాలి, ఒక ఇంటికి మందులు కావాలి, ఇంకొక ఇంటికి పిల్లవాడి పరీక్ష ఫీజు. అది వాళ్ళకే తెలుసు, దూరాన కూర్చొని లెక్క వేసేవాళ్ళకు తెలియదు.

నన్ను పిలిచిన సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. సముద్రాల అవతల కొన్ని సంఘాలు కానుకలు పోగుచేసి పంపాయి. ఆ డబ్బు 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం ప్రకారం ఒక నిర్ణీత బ్యాంకు ఖాతాలోకే రావాలి, ఏ పనికి వచ్చిందో ఆ పనికే ఖర్చు కావాలి. వాళ్ళకు కావలసింది ఆ బస్తీల్లో చుట్టాలు లేనివాడు, మన ప్రాంతపు మాట తెలిసినవాడు, లెక్క రాయగలిగినవాడు. సెమినరీకి పోకముందు రెండేళ్ళు నేను ఒక కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాశాను. అలా పడింది ఆ పని నా మీద. నవంబరు మొదటి నుండి జనవరి నడిమి వరకు వారమంతా పట్నం, శనివారం రాత్రి బస్సెక్కి సంఘానికి.

మూడు బస్తీలు, ఒకదాని తరువాత ఒకటి. ఇంటికి ఒక్కరు, మనిషికి 15 రోజులు, రోజుకు అయిదు గంటలు, 200 రూపాయలు. ఈ 200 ఎలా తేల్చారో కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి పనుల్లో అసలు తగాదా ఇక్కడే ఉంటుంది. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 169 రూపాయలు. పట్నంలో మామూలు రోజుల్లో మగ కూలికి 300 దాటే ఉంది. కూలి తక్కువ పెడితే, వేరే దారి ఉన్నవాడు రాడు, నిజంగా లేనివాడే వస్తాడు. ఇది లెక్కలవాళ్ళ వాదన. ఎక్కువ పెడితే మేస్త్రీల దగ్గర పనిచేసేవాళ్ళు కూడా మానుకొని ఇక్కడికే వస్తారు, పట్నం తిరిగి లేవడానికి కావలసిన పనులు ఆగిపోతాయి. ఇది కూడా వాళ్ళ వాదనే.

ఆ వాదనలో నిజం లేకపోలేదు. కానీ అది ఎక్కడిదాకా పోతుందో మన చరిత్రలో ఉంది. 1877లో మద్రాసు రాజధానిలో మహా కరువు నడుస్తుండగా, భారత ప్రభుత్వం తరఫున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనికి వచ్చిన మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. మట్టి మోసే మనిషికి! అంతకు మూడేళ్ళ ముందు బీహారు కరువులో ఈయనే ధారాళంగా ఖర్చు పెట్టి జనాన్ని బ్రతికించాడు. దానికి పైవాళ్ళ చేత దుబారా మనిషి అని మాటపడ్డాడు. ఆ మాట మళ్ళీ పడకూడదని ఇక్కడ బిగించాడు. మద్రాసు ఆరోగ్య శాఖ కమిషనరు కార్నిష్ ఈ కూలితో మనుషులు బ్రతకరని గట్టిగా వాదించాడు. చివరికి కూలి పెంచారు గానీ ఆ లోపు జరగవలసినది జరిగిపోయింది. దీనికి పూర్తిగా ఎదురు వైపు కూడా ఉంది. 2013 నవంబరులో ఫిలిప్పీన్స్ దేశంలో టక్లోబాన్ పట్నాన్ని హైయాన్ తుపాను నేలమట్టం చేసినప్పుడు, త్సూచీ అనే తైవాను బౌద్ధ సంస్థ తమ వీధులు తాము శుభ్రం చేసుకొన్న జనానికి రోజుకు 500 పెసోలు ఇచ్చింది. అక్కడి కనీస వేతనానికి అది దాదాపు రెట్టింపు. కూలి అని కాదు, ఓదార్పు అని ఇచ్చారు. బౌద్ధులు చేశారని మనం చెప్పుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు. మంచి సమరయుని కథ చెప్పిన ప్రభువు మనకు ఆ సిగ్గు మిగల్చలేదు.

మా 200 ఈ రెంటికీ మధ్యది. అయిదు గంటల పనికి తప్పు కూలి కాదు. మధ్యాహ్నం నుండి వాళ్ళు ఇంకేదైనా చూసుకోవచ్చు, వలలు కుట్టుకోవచ్చు.

కూలి ఎంత అన్నది నా చేతిలో లేదు. ఎప్పుడు ఇవ్వాలన్నది మాత్రం నేను గట్టిగా పట్టుకొన్నాను. 15 రోజులు అయ్యాక బ్యాంకు ఖాతాల్లో వేద్దామని ఆఫీసులో అన్నారు. ఆ ఆగస్టులోనే జన్‌ధన్ పథకం మొదలైంది, చాలామంది చేతుల్లో కొత్త పాసుపుస్తకాలు ఉన్నాయి, లెక్కకు కూడా సులువు. కానీ తుపాను తరువాత ఆ బ్యాంకుల ముందు వరసలు చూసినవాడెవడూ ఆ మాట అనడు. లేవీయకాండము 19వ అధ్యాయం 13వ వచనం, ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం 14, 15 వచనాలు ఆఫీసు బల్ల మీద తెరిచి పెట్టాను. కూలివాని డబ్బు ఒక్క రాత్రి మన దగ్గర నిద్ర చేయకూడదని కదా అక్కడ ఉన్నది. బీదవాడు దాని మీదే ఆశ పెట్టుకొని ఉంటాడని కారణం కూడా చెప్పాడు దేవుడు. ప్రతి సాయంత్రం పంచడం అయ్యే పని కాదని వాళ్ళన్నారు. అదీ నిజమే, నాలుగు వందల కవర్లు రోజూ కట్టలేం. మూడు రోజులకొకసారి అని తేలింది. కవరులో 600 రూపాయలు: ఒక అయిదు వందల నోటు, ఒక వంద. ఆ వంద నోట్ల కోసం ప్రతి మూడో రోజూ నేను తిరిగిన తిరుగుడు వేరే వ్యాసం అవుతుంది.

పేర్లు రాయించడం పనికంటే కష్టం. "ఇంటికి ఒక్కరు" అంటాం. ఇల్లు అంటే ఏది? ఒకే గోడల మధ్య ముగ్గురు అన్నదమ్ములు, మూడు పొయ్యిలు. మేము పొయ్యినే ఇల్లు అనుకొన్నాం. రెండో రోజుకి ఒకే పొయ్యి ఉన్న ఇళ్ళలో కూడా మూడు పొయ్యిలు లేచాయి! నవ్వొచ్చింది గానీ కోపం రాలేదు. పేరు మగవాడు రాయించుకొని పనికి భార్యను పంపిన ఇళ్ళు సగం పైనే. ఒకామె వచ్చి, "అయ్యగారూ, పేరు మా ఆయనది, పని నాది. డబ్బులు నా సేతికే ఇయ్యండి, లేపోతే ఇంటికి రావు" అంది. ఆ రోజే నియమం మార్పించాం, చెమట ఎవరిదో వేలిముద్ర వాళ్ళదే, కవరు వాళ్ళదే.

పేర్ల పట్టీని గోడకు అంటించి ఊరుకోలేదు. సాయంత్రం వీధిలో నిలబడి బిగ్గరగా చదివించేవాళ్ళం: ఎవరు, ఎన్ని రోజులు, ఎంత. ఇది నా తెలివి కాదు. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైన తరువాత, సామాజిక తనిఖీ అని మస్టరును ఊరి మధ్య చదివే పద్ధతిని మన రాష్ట్రంలో నడిపించారు. మా ఊరి రచ్చబండ దగ్గర అది జరగడం నేను చూశాను. చచ్చినవాడి పేరు మీద కూలి పడ్డ సంగతి ఏ ఆడిటరుకూ తెలియదు, ప్రక్కింటి ముసలమ్మకు తెలుస్తుంది.

అలా చదువుతున్నప్పుడే ఒక సంగతి బయటపడింది. మొదటి బస్తీలో పాతికమందికి ఒక గ్రూపు లీడరు. రెండో పంపకం అయిన సాయంత్రం నేను "ఒక్కొక్కరికి 600" అని చదివితే వెనకనుంచి ఒక పెద్దామె, "570 కాదా బాబూ?" అంది. జనం నవ్వు ఆపేశారు. అప్పుడు తెలిసింది. రోజుకు పది చొప్పున, పేరు రాయించినందుకు, లీడరు తీసుకొంటున్నాడు. ఆమె అది తప్పని కూడా అనుకోలేదు. "అందరం ఇత్తన్నాం కదా, అది మామూలే కదా" అంది. మామూలు! లంచానికి మన భాషలో ఆ పేరు పెట్టినవాడెవడో గానీ, మనల్ని బాగా ఎరిగినవాడే.

ఆ లీడరు అవిశ్వాసి అయితే నాకు అంత బాధ లేదు. ఆ బస్తీ సంఘంలో ముందు వరుస మనిషి, పాటలు నడిపించేవాడు. ఆ రాత్రి ఇద్దరు సంఘ పెద్దలు నా గదికి వచ్చారు. "మన బిడ్డను నలుగురిలో అల్లరి పెడతారా, అన్యుల ముందు క్రీస్తు నామానికి అవమానం కదా, మనలో మనం సర్దుకుందాం" అన్నారు. క్రీస్తు నామానికి అవమానం ఎప్పుడు జరిగింది, నేను చదివినప్పుడా, అతడు తీసుకొన్నప్పుడా? నేను వాళ్ళతో వాదించలేదు. కొరింథీయులకు రెండవ పత్రిక 8వ అధ్యాయం 16 నుండి 22 వరకు చదవమన్నాను. మీరు కూడా దయచేసి చదవండి.

ఆ భాగాన్ని మనం ప్రసంగాల్లో దాటేస్తాం. మాసిదోనియ సంఘాలు బీదరికంలోనూ ధారాళంగా ఇచ్చిన మాట మీద కానుకల ప్రసంగం చేస్తాం, అక్కడితో బైబిలు మూసేస్తాం. తరువాతి వచనాల్లో ఏముంది? ఒక దేశపు సంఘాలు మరొక దేశపు పట్నంలోని పేదలకు డబ్బు పంపుతున్నాయి. యెరూషలేము పట్నం. ఇప్పటి భాషలో అది విదేశీ సహాయమే. ఆ డబ్బు పట్టుకెళ్ళేది అపొస్తలుడైన పౌలు. ఆయన మీద ఎవరికి అనుమానం? అయినా తాను ఒంటరిగా దాన్ని ముట్టుకోలేదు. తీతును వెంట పెట్టుకొన్నాడు. సంఘాలే ఏర్పరచిన ఇంకొక సహోదరుణ్ణి పెట్టుకొన్నాడు. అది చాలదని, ఎన్నోసార్లు పరీక్షించి చూచిన మరొకణ్ణి కూడా. ఎందుకంటే దేవుని ఎదుట మాత్రమే కాదు, మనుషుల ఎదుట కూడా ఇది నిందకు దొరకకూడదు. ఆ ఇద్దరు సహోదరుల పేర్లు బైబిలులో రాయలేదు. లెక్కలు చూసేవాళ్ళకు పేరు రాదు, అది నాకు ఒక ఆదరణ.

పెద్దలలో ఒకాయన వాక్యం బాగా తెలిసినవాడు. ఆయన రాజులు రెండవ గ్రంథం తీశాడు. యోవాషు రాజు కాలంలో మందిరాన్ని బాగుచేసే పనివాళ్ళకు ఇమ్మని డబ్బు అప్పగించినవాళ్ళను లెక్క అడగలేదు, నమ్మకంగా ఉన్నారు గనుక. 12వ అధ్యాయం 15వ వచనం. "పాస్టరుగారూ, ఇక్కడ లెక్కే అడగలేదు కదా?" అన్నాడు. మంచి మాటే పట్టుకొన్నాడు. అయితే అయిదారు వచనాలు వెనక్కి వెళ్తే, ఆ డబ్బు పెట్టెలో నుండి తీసేటప్పుడు రాజు లేఖకుడూ ప్రధాన యాజకుడూ ఇద్దరూ కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టారు. అంతకుముందు ఏళ్ళ తరబడి యాజకులు ఒక్కరే వసూలు చేసుకొన్నప్పుడు మందిరం బాగుపడనే లేదు. లెక్క అడగకపోవడం మొదటి మెట్టు కాదు, చివరి మెట్టు. ఆయన తల ఊపాడు, ఒప్పుకొన్నాడని మాత్రం చెప్పలేను.

మరునాడు సాయంత్రం లీడరు తన చేతులతోనే 24 మందికి తలా 60 రూపాయలు, మొత్తం 1,440, వీధిలో తిరిగి ఇచ్చాడు. లీడరు పని నుండి తీసేశాం గానీ కూలి పని నుండి తీసెయ్యలేదు, అతనికీ ఇల్లుంది. మిగతా రోజులు అతడు పార పట్టుకొని అందరితో పాటు కాలువలోకి దిగాడు. ఆ పెద్దల్లో ఒకాయన మాత్రం నాతో నేటికీ సరిగా మాట్లాడడు.

ఇప్పుడు ఆ యువ సేవకుడి ప్రశ్న. సంస్థ నియమం స్పష్టం, పనిస్థలంలో ప్రసంగం లేదు, కరపత్రం లేదు, ప్రార్థన చేసి కూలి పంచడం లేదు. 1994లో రెడ్‌క్రాసు, మరి కొన్ని సహాయ సంస్థలు కలిసి ఒక ప్రవర్తన నియమావళి రాసుకొన్నాయి. అందులో మూడవది ఇదే. సహాయాన్ని ఏ రాజకీయానికీ ఏ మతానికీ మెట్టుగా వాడకూడదు. క్రైస్తవ సంస్థలు కూడా చాలా దాని మీద సంతకం పెట్టాయి. నన్ను ఎరిగినవాళ్ళు కొందరు, "నువ్వు పాస్టరువి, నోరు కట్టించుకొని పని చేస్తావా?" అన్నారు. నేను కట్టించుకోలేదు. నేనెవరో అందరికీ తెలుసు, "పాస్టరుగారు" అనే పిలిచేవారు. ఎవరైనా పని ముగిశాక, డబ్బు సంచి నా చేతిలో లేనప్పుడు అడిగితే చెప్పేవాణ్ణి. ఆకలిగా ఉన్నవాడి ముందు కవరు పట్టుకొని నిలబడి నేను ఏం చెప్పినా అతడు తల ఊపుతాడు. ఆ తల ఊపడం నాకు అక్కర్లేదు, నా ప్రభువుకు అసలే అక్కర్లేదు. యోహాను 6వ అధ్యాయంలో రొట్టెలు తిన్న జనం పడవలెక్కి మరీ వెదుక్కొంటూ వస్తే, మీరు ఎందుకు వచ్చారో నాకు తెలుసునని ఆయన ముఖం మీదే చెప్పాడు. చెప్పాడు గానీ ముందు రోజు వాళ్ళకు పెట్టకుండా పంపలేదు. ఈ రెండూ కలిసి ఉండాలి.

రెండో బస్తీకి వచ్చేసరికి డిసెంబరు. అక్కడి చిన్న సంఘపు కాపరి ఒక సాయంత్రం సంతోషంతో పరుగెత్తుకొంటూ వచ్చాడు. పదకొండుమంది, హిందూ కుటుంబాలవాళ్ళు, బాప్తిస్మం కావాలని అడిగారట. క్రిస్మసుకు ముందే ఇచ్చేద్దాం, మీరు కూడా నీళ్ళలోకి దిగండి అన్నాడు. ఆ పదకొండుమంది పేర్లు నాకు చూడనక్కరలేకుండానే తెలుసు, అందరూ నా మస్టరులో ఉన్నవాళ్ళే. వాళ్ళలో ఒకామె, సన్నటి మనిషి, మట్టి తట్ట మొయ్యడంలో మగవాళ్ళకు తీసిపోనిది, కాలువ గట్టున కూర్చున్నప్పుడు నేను మెల్లగా అడిగాను, ఎందుకమ్మా అని. ఆమె దాచలేదు. "సేరితే రెండో ఇడతలో మా మరిది పేరు కూడా రాత్తారంట కదా బాబూ" అంది. ఎవరు చెప్పారంటే ఎవరో. రెండో విడత అనేదే లేదు.

కాపరితో చెప్పాను: మస్టరు మూసేదాకా ఆగండి, ఆఖరి కవరు చేరాక, డబ్బు ఇక రాదని అందరికీ తెలిశాక అప్పుడు కూడా అడిగితే ఇవ్వండి, నేను ఆపడానికి ఎవరిని. అతడికి కోపం వచ్చింది. ఈ లోపు ఎవరైనా చనిపోతే వాళ్ళ ఆత్మకు జవాబు ఎవరు చెప్తారని అడిగాడు. ఆ ప్రశ్నను తేలికగా తీసుకోవద్దు, నేనూ తీసుకోలేదు. రెండు రాత్రులు నిద్ర లేదు. మూడో రోజు అతనికి ఒంగోలు సంగతి చెప్పాను. పాత తరం విశ్వాసులకు తెలిసిందే గానీ ఈ కాలపు సేవకుల్లో చాలామందికి తెలియదు.

అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు 1866 నుండి ఒంగోలులో ఉన్నారు. మిషనరీ కాకముందు ఆయన భూమి కొలతల పని చేసినవాడు. పైన చెప్పిన ఆ 1876-78 కరువులో, మద్రాసు ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తున్నప్పుడు, ఆయన అందులో కొన్ని మైళ్ళు స్వయంగా కాంట్రాక్టు తీసుకొన్నాడు. మిగతాచోట్ల మాదిగలకు పనిస్థలంలో దక్కే తిట్లూ గెంటివేతలూ ఆయనకు తెలుసు. తన సువార్తికులనే మేస్త్రీలుగా పెట్టాడు. మన సువార్తికులు మస్టరు పట్టుకోవడం ఈనాటిది కాదన్నమాట! అలిసి కూర్చున్నప్పుడు ఆ మేస్త్రీలు యేసును గురించి చెప్పారు కూడా. అక్కడ మా నియమం కంటే ఆయన నియమం వదులు. కానీ ఒక్క విషయంలో మాకంటే బిగువు. కరువు సహాయం నడిచినన్నాళ్ళు, పదిహేను నెలలపాటు, బాప్తిస్మాలు ఆపేశాడు. బ్రతిమాలినా ఇవ్వలేదు. సహాయం డబ్బు అయిపోయింది, ఇక ఏమీ లేదు అని కబురు చేశాడు. అయినా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు స్వదేశీ సేవకులు ఇద్దరిద్దరు చొప్పున మార్చుకొంటూ ఇచ్చారు. దొరగారు ఒక్కరికి కూడా ఇవ్వలేదు.

బియ్యానికి మారినవాళ్ళు అని ఆ తరువాత కూడా అన్నవాళ్ళున్నారు, ఇప్పుడూ అంటారు. కరువులో ఆదుకొన్న చేయిని మనిషి మరిచిపోడు, ఆ మేలు వాళ్ళ మనసుల్లో లేదని నేను అనను. ఆయన చేయగలిగింది ఆయన చేశాడు. కూలి ఇచ్చే రోజునూ బాప్తిస్మం ఇచ్చే రోజునూ విడదీశాడు.

కాపరి విన్నాడు. మనస్సు పూర్తిగా మారిందో లేదో గానీ ఆగాడు.

ఆ పది వారాల్లో నన్ను ఇంకా తొలిచే సంగతి మరొకటి. పని చేయలేనివాళ్ళు. "పనికి నగదు" అన్న మాటలోనే వాళ్ళకు తలుపు మూసి ఉంది. పక్షవాతం వచ్చిన మనిషి, నెలల బాలింత, చూపు లేని ముసలాయన. పని చేయనివాడు తినకూడదని థెస్సలొనీకయులకు పౌలు రాసిన మాటను ఎత్తి చూపేవాళ్ళు ప్రతి కమిటీలోనూ ఒకరుంటారు. అది పని చేయడానికి ఇష్టం లేనివాడి గురించి, చేతగానివాడి గురించి కాదు. మాకు కొంత వెసులుబాటు ఉండేది. మంచినీళ్ళు అందించడం, పనికొచ్చిన తల్లుల పిల్లల్ని చూడడం, పారలు లెక్కపెట్టి అప్పజెప్పుకోవడం, వీటికీ అదే 200. కుర్రాళ్ళు గొణిగారు, మేము బురదలో, ఆ మామ్మ నీడలో, కూలి ఒకటేనా అని. మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కూలివాళ్ళు సణిగినట్టే. ఆ ఉపమానాన్ని నేను ఎన్నిసార్లో ప్రసంగించాను. మధ్యాహ్నం ఎండలో, చేతిలో మస్టరుతో నిలబడి వింటే ఆ సణుగుడులో కూడా న్యాయముందనిపిస్తుంది. పొద్దు గూకే దాకా సంతవీధిలో నిలబడినవాళ్ళను ఎందుకు ఖాళీగా ఉన్నారని అడిగితే, మమ్మల్ని ఎవరూ పిలవలేదన్నారు. మా పట్టీలో ఆ కొద్దిపాటి తేలిక పనులకు కూడా పట్టనివాళ్ళు ముప్ఫైకి పైగా ఇళ్ళు మిగిలారు. వాళ్ళ కోసం సంస్థ ఊరికే కొంత డబ్బు ఇవ్వడానికి ఒప్పుకోవడానికి నాలుగు వారాలు పట్టింది, నాలుగు ఉత్తరాలు పట్టాయి. ఇంకెక్కడైనా ఎవరైనా ఈ పని మొదలుపెడితే, పని పట్టీ రాసే మొదటి రోజే ఈ రెండో పట్టీ కూడా రాయండి. తరువాత చూద్దాం అంటే అది రాదు.

జనవరిలో లెక్కలు అప్పజెప్పాం. మస్టర్లు, వేలిముద్రల కాగితాలు, పారల జాబితా, మిగిలిన కవర్లు, అన్నీ రెండు అట్టపెట్టెల్లో. సంస్థ తరఫున వచ్చిన లెక్కల మనిషి ఏ పేరు పడితే ఆ పేరు తీసి, ఆ ఇంటికి నడిచి వెళ్ళి అడిగి చూసుకొన్నాడు. మూడు రోజులు తిరిగాడు. మా సంఘంలో కొందరు, పాస్టరుగారిని అంతలా అనుమానించాలా అని నొచ్చుకొన్నారు. నాకైతే పేరు రాయని ఆ సహోదరుల్లో ఒకరు ఇన్నేళ్ళకు మళ్ళీ వచ్చినట్టుంది.

ఆ పదకొండుమంది సంగతి. మస్టరు మూశాక ఏడుగురు మళ్ళీ ఆ గుడి వైపు రాలేదు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు, వాళ్ళకు కావలసింది పని, అది దొరికింది. నలుగురు వస్తూనే ఉన్నారు, తట్ట మోసిన ఆమె కూడా. ఈస్టరు తరువాతి ఆదివారం సముద్రంలో వాళ్ళకు బాప్తిస్మమని కాపరి ఫోను చేశాడు, తప్పకుండా రమ్మన్నాడు. నేను వెళ్ళలేదు. నన్ను చూస్తే వాళ్ళకు కవరు గుర్తొస్తుందని చెప్పాను. మా సంఘంలోనే కూర్చొని, ఆ ఉదయం ఆరాధనలో ఆ నలుగురి పేర్లూ చదివి ప్రార్థన చేయించాను.